నలభై ఒక్క మంది బట్టలు, యాభై అంగుళాల నీళ్లు

మా ముందరి గదిలో కుట్టు మిషన్ వెనకాల గోడ మీద ఒక గీత ఉంది. రెండుసార్లు రంగు వేయించినా లేత గోధుమ రంగులో కనిపిస్తూనే ఉంటుంది. టేపు పెట్టి కొలిస్తే నేల నుంచి సరిగ్గా యాభై అంగుళాలు. 2023 జులై 27న మా ఇంట్లో నీళ్లు ఆగింది అక్కడ. ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను, ఏది చూసినా ముందు టేపు తీసి కొలవడం అలవాటైపోయింది.

వరద గురించి ఎవరు మాట్లాడినా టీవీ పోయింది, ఫ్రిజ్ పోయింది, బియ్యం తడిశాయి అంటారు. మావీ పోయాయి. కానీ నాలాంటి వాళ్ల ఇళ్లలో ఉండేవి మా సామాన్లు మాత్రమే కాదు. దర్జీ ఇల్లు, ఇస్త్రీ చేసేవాళ్ల ఇల్లు, వాచీలు బాగుచేసేవాళ్ల దుకాణం, వీటిలో సగం వస్తువులు ఇతరులవి. నమ్మి ఇచ్చిపోయినవి. అవి మునిగితే ఏం చేయాలో నాకు చెప్పినవాళ్లు లేరు. చేసుకుంటూ పోతే ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల సంగతే ఇది.

మాది వరంగల్, హంటర్ రోడ్డు దగ్గర ఎన్టీఆర్ నగర్ వైపు. బొందివాగు నాలాకూ మా ఇంటికీ మధ్య రెండే వీధులు. పైనుంచి వచ్చే వాన నీళ్లన్నీ ఆ వాగులో పడి భద్రకాళి చెరువుకు పోవాలి. చెరువు నిండుగా ఉంటే వాగు ముందుకు పోలేక వెనక్కి తంతుంది. కాకతీయుల కాలం నుంచి మాది గొలుసుకట్టు చెరువుల ఊరు. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోయే దారి ఉండేది. ఆ దారిలోనే మనం ఇళ్లు కట్టుకున్నాం. ప్లాటు కొన్నప్పుడు మాకెవరూ ఆ మాట చెప్పలేదు, మేమూ అడగలేదు.

2020 ఆగస్టులో కూడా నీళ్లు వచ్చాయి. మోకాలి దాకా వచ్చి ఒక్క రాత్రి ఉండి పోయాయి. అప్పటి నుంచి నా మనసులో వరద అంటే మోకాలే. బట్టల బీరువా కింద రెండు వరుసల ఇటుకలు పెట్టించాను, మిషన్ మోటారు కాస్త ఎత్తుకు మార్పించాను, ఇంక భయం లేదనుకున్నాను.

2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. జులై 18 నుంచి అధిక శ్రావణం, నిజ శ్రావణం ఆగస్టు 17 నుంచి. ఆషాఢం డిస్కౌంట్లలో చీరలు కొనుక్కున్నవాళ్లంతా "ఇంక నెల టైమున్నది గదా అక్కా, నిమ్మళంగ కుట్టు" అని తెచ్చి ఇచ్చిపోయారు. ఆగస్టు 25న వరలక్ష్మీ వ్రతం, దాని వెనకాముందు పెళ్లిళ్లు. మామూలు ఏడాదైతే ఆ రోజుల్లో నా దగ్గర ఇరవై మంది బట్టలుంటాయి. ఆ వారం నలభై ఒక్క మందివి ఉన్నాయి. జాకెట్ గుడ్డలు, ఫాల్ కుట్టాల్సిన పట్టుచీరలు, రెండు లెహంగాలు, మగ్గం వర్క్ చేయించుకొచ్చిన నాలుగు పీసులు. ప్రతి సంచిలో ఒక ఆది జాకెట్.

ముసురు పట్టి వారం దాటింది. బడులకు సెలవులిచ్చారు. బుధవారం, అంటే 26న, పొద్దుగూకే వేళకు ముసురు కాస్తా కుండపోత అయింది. రేకుల మీద వాన చప్పుడుకు ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. కరెంటు పోయింది. రాత్రి పదకొండు దాటాక మా అత్తమ్మ లేచి కూర్చొని, "మోరీలకెల్లి నీళ్లు బుడబుడ అంటున్నయ్ బిడ్డా" అంది.

ఈ మాట చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. నీళ్లు ముందు దర్వాజ నుంచి రావు. వీధిలో ఇంకా చీలమండ దాకా కూడా లేనప్పుడే బాత్రూం మోరీలోంచి నల్లగా పైకి తన్నాయి. గడప దగ్గర బస్తా వేసి, ఆపేశాం అనుకుంటూ ఉంటే వెనక గదిలో అప్పటికే నీళ్లున్నాయి. ఆ బుడబుడ విన్న దగ్గర్నుంచి మాకు దొరికిన టైము నలభై నిమిషాలు. అందులో సగం నేను వృథా చేసుకున్నాను.

మా ఆయన మెయిన్ ఆఫ్ చేసి, సిలిండర్‌ను కిటికీ చువ్వలకు కట్టాడు. మా బాబు సర్టిఫికెట్ల ఫైలు, ఆధార్ కార్డులు, అత్తమ్మ మందులు ఒక సంచిలో వేసుకున్నాడు. నేను బీరువా కింది అరల్లోంచి సంచులు తీసి కటింగ్ బల్ల మీద పేర్చాను. బల్ల ఎత్తు మూడడుగులు. మోకాలి నీళ్లకు మూడడుగుల బల్ల చాలదా అనుకున్నాను. పదకొండు సంచులు మాత్రం సజ్జ మీద గిన్నెల పక్కన దూర్చాను, అక్కడ అంతకన్నా చోటు లేకపోయింది. గిన్నెలు కింద పడేస్తే చోటుండేది. ఆ ఆలోచన నాకు రాలేదు.

నీళ్లు తొడల దాకా వచ్చాక ఇంక ఆగలేదు. ఎదురింటి వాళ్లకు మేడ ఉంది. నా చీరలు మూడు ముడేసి మా గేటుకూ వాళ్ల గేటుకూ కట్టారు. అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ముగ్గురు ఎత్తుకున్నారు. నేను ఒక చేత్తో కట్టిన చీర పట్టుకొని, ఇంకో చేత్తో ఒక లెహంగా సంచి నెత్తిన పెట్టుకొని దాటాను. వెనక్కి చూస్తే టార్చ్ వెలుగులో ముందరి గది కిటికీలోంచి కటింగ్ బల్ల కనిపించింది. అది కదులుతోంది. చెక్క బల్ల నీళ్లలో తేలుతుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. తేలి, ఒక పక్కకు వాలి, మీదున్న సంచులన్నిటితో మెల్లగా తిరగబడింది.

తెల్లారి మేడ మీదికి ఎక్కి చూస్తే వీధి లేదు. ప్రహరీ గోడల అంచులు, కార్ల పైకప్పులు కనిపించాయి. ఆ ఇంట్లో ఏడు కుటుంబాల వాళ్లం ఉన్నాం. ఎదురింటి వదిన ఉన్న బియ్యం, పప్పు అంతా కలిపి కిచిడీ వండింది, మొదట పిల్లలకు, తర్వాత ముసలివాళ్లకు పెట్టింది. మధ్యాహ్నం పడవ వచ్చి ముగ్గురు పెద్దవాళ్లను, ఒక బాలింతను తీసుకుపోయింది.

మా అక్కను భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఇచ్చారు. ఆమె ఫోన్ రెండు రోజులు కలవలేదు. ఎవరిదో ఫోన్‌లో ఇంకా చార్జింగ్ ఉంటే అందులోనే వార్తలు చూశాం. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది, జనం ఇళ్ల కప్పుల మీద నిలబడి ఉన్నారు, హెలికాప్టర్ తిరుగుతోంది. ములుగు జిల్లాలో రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడిందని చెప్పారు. తెలంగాణలో అంతకు ముందు రికార్డు 2013లో వాజేడులో పడిన 51.75. చిట్యాలలో 61 దాటిందని చూసినప్పుడు నా కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. అంటే ఆరడుగుల మనిషికి మూడో వంతు ఎత్తు వాన, ఒక్క రోజులో, ఒక్క ఊరి మీద. అక్క 28 సాయంత్రం ఎవరి ఫోన్ నుంచో మాట్లాడింది. "బతికే ఉన్నం చెల్లె, బర్రె పోయింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఏటూరునాగారం దగ్గర కొండాయిలో జంపన్నవాగుకు మనుషులే పోయారు. ఆ వార్త విన్నాక నా బట్టల గురించి బాధపడటానికి కూడా సిగ్గేసింది. సిగ్గేసినా రాత్రి కళ్లు మూసుకుంటే బల్ల తిరగబడటమే కనిపించేది.

29న నీళ్లు తీశాయి. ఆ రోజే పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్ట తెగిందన్నారు. మళ్లీ అందరికీ గుండెలు జారాయి, ఇసుక బస్తాలు వేసి ఆపారని తెలిసే దాకా ఎవరం మేడ దిగలేదు.

మా దర్వాజ ఉబ్బిపోయి తెరుచుకోలేదు. మా ఆయన భుజంతో నాలుగుసార్లు గుద్దితే చెక్క చీలి తెరుచుకుంది. లోపల బురద జానెడు మందం. నున్నగా, కాఫీ రంగులో, పాదం పెడితే వదలకుండా పట్టుకునేంత జిగటగా ఉంది. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. కటింగ్ బల్ల కాళ్లు పైకి పెట్టి ఉంది, దాని కింద ఇరవై తొమ్మిది సంచులు. చేతిలో తెచ్చుకున్న లెహంగా ఒకటి, సజ్జ మీద పదకొండు. ఆ పన్నెండు మందివి పొడిగా ఉన్నాయి.

అందరూ ముందు ఇల్లు కడుక్కుంటున్నారు. నేను ముందు బట్టలు తీశాను. మా ఆయన కోపంగా ఒకసారి చూసి, తర్వాత ఏమీ అనకుండా పార పట్టుకున్నాడు. ఇల్లు ఇవాళ కాకపోతే రేపు కడగొచ్చు, బురద బట్ట మీద ఎండితే మాత్రం ఇంక పోదు. అది నాకు తెలుసు.

సంచులు విప్పుతుంటే ఒక విషయం గమనించాను. జాగ్రత్తగా ఉండాలని ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా మూతి కట్టినవి ఎక్కువ పాడయ్యాయి. మూతిలోంచి ఎలాగో నీళ్లు దూరాయి, దూరినవి బయటికి పోలేదు. రెండు రోజులు ఆ తడిలో ఉడికినట్టు ఉండి రంగులన్నీ ఒకదానిలోకి ఒకటి దిగాయి. మామూలు గుడ్డ సంచిలో ఉన్నవాటికి బురద పట్టింది కానీ రంగు నిలిచింది.

కడగడానికి మంచినీళ్లు లేవు. నల్లా నీళ్లు మట్టి రంగులో వస్తున్నాయి, ట్యాంకర్ నీళ్లు తాగడానికే సరిపోవడం లేదు. వాన ఇంకా సన్నగా పడుతూనే ఉంది కాబట్టి ఎదురింటి మేడ మీద టబ్బులు, బకెట్లు, చివరికి వాళ్ల ఇడ్లీ గిన్నెతో సహా పెట్టి వాన నీళ్లు పట్టాను. పట్టుచీరలను సబ్బుతో ముట్టుకోలేదు. బురద తడిగా ఉండగానే ఉత్త నీళ్లలో ముంచడం, తీయడం, ఆ నీళ్లు పారబోయడం. నాలుగైదు నీళ్లు మారాక బకెట్ అడుగున మట్టి చేరడం ఆగింది. అప్పుడు పలుచటి కుంకుడు రసం. రుద్దకూడదు, పిండకూడదు. పాత తువ్వాల్లో చుట్టి అరచేతులతో అదిమితే తడి అందులోకి పోతుంది. ఒక్కో చీరకు గంట పట్టింది. నడుము పట్టేసింది, చేతివేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని ఊడింది.

ఆరేయడానికి ఎండ లేదు. హన్మకొండలో మా చిన్నమ్మ వాళ్ల ఇల్లు ఎత్తు మీద ఉంది, అక్కడ కరెంటు వచ్చింది. మా బాబు స్నేహితుడి బండి మీద మూడు ట్రిప్పులు తిప్పి, రెండు గదుల నిండా తాళ్లు కట్టి, ఫ్యాన్ల కింద ఆరేశాం. చిన్నమ్మ వాళ్లు వారం రోజులు వంటింట్లోనే పడుకున్నారు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

మా వీధి చివర ఇస్త్రీ చేసే అన్నకు నాకన్నా ఎక్కువ మంది బట్టలు మునిగాయి. బండి కూడా కొట్టుకుపోయింది. ఆయన బట్టల మూటలు కూడా చిన్నమ్మ ఇంటికే తెచ్చాం. బదులుగా, ఆరిన చీరలన్నీ ఆయన ఎవరిదో పెట్టె అడిగి తెచ్చి ఇస్త్రీ చేసి పెట్టాడు. జరీ మీద పల్చటి గుడ్డ వేసి, తక్కువ వేడి మీద, ఒక్కో మడతా విప్పుతూ చేశాడు. అలా చేసేవాళ్లు ఈ ఊళ్లో ఎందరుంటారో నాకు తెలియదు.

కొలతల బుక్ మిషన్ సొరుగులో ఉండిపోయింది. తీసేసరికి ఉబ్బి రొట్టెలా ఉంది. పేజీ పేజీకీ మధ్య పాత పేపరు పెట్టి, మీద సన్నికల్లు పెట్టి, రోజుకు రెండుసార్లు పేపర్లు మార్చాను. నేను బాల్ పెన్నుతో రాసిన కొలతలు చెక్కుచెదరలేదు. ఛాతీ, సంక, చేతి పొడవు, మెడ లోతు అన్నీ చదవడానికి వచ్చాయి. మా బాబు జెల్ పెన్నుతో అందంగా రాసిన డెలివరీ తేదీలు, అడ్వాన్సులు మాత్రం నీలం మరకలయ్యాయి. ఇప్పుడు మా ఇంట్లో జెల్ పెన్ను లేదు.

వారం గడిచేసరికి మూడు కుప్పలు తేలాయి. తడిసిన ఇరవై తొమ్మిదిలో పదహారు మందివి ఉతికాక బాగుపడ్డాయి. ఎనిమిది మందివి సగం పోయాయి, అంటే చీర దక్కి జాకెట్ గుడ్డ పోవడమో, జరీ నల్లబడటమో. ఐదు మందివి పూర్తిగా పోయాయి.

ఎవరికీ ఫోన్ చేయడానికి నాకు ధైర్యం లేకపోయింది. రేపు, ఎల్లుండి అని దాటేస్తూ ఉన్నాను. అత్తమ్మ ఒక పొద్దున నా పక్కన కూర్చొని, "వాళ్లు అడిగే దాంక ఆగకు బిడ్డా. అడిగినంక చెప్తే నిజం గూడ సాకు లెక్కనే ఉంటది" అంది. ఆ రోజే మొదలుపెట్టాను. పూర్తిగా పోయినవాళ్లకు ముందు చేశాను, కష్టమైంది ముందు అయిపోవాలని. ఏం పోయింది, ఎంత పోయింది, నేనేం చేయగలను, ఈ మూడే చెప్పాలని కాగితం మీద రాసుకున్నాను. ఏడవకూడదని కూడా రాసుకున్నాను. మనం ఏడిస్తే అవతలివాళ్లు వాళ్ల బాధ చెప్పుకోలేరు.

కాజీపేట టీచరమ్మ ఫోన్ పెట్టేసి గంటలో టిఫిన్ బాక్స్ పట్టుకొని వచ్చింది. తన చీరలు తనే తీసుకుపోయి మళ్లీ ఉతుక్కుంది, పక్కవాళ్లవి రెండు కూడా తీసుకుపోయింది. ఇద్దరు "ముందు నీ ఇల్లు చూసుకో" అన్నారు. ఒకామె మాత్రం చాలా కోపపడింది. ఆమె కూతురి ఎంగేజ్‌మెంట్‌కు మగ్గం వర్క్ చేయించిన పీస్ అది, పూసలన్నీ తుప్పు మరకలు కక్కాయి. "డబ్బులు ఇస్తావ్ సరే, ఆ పని మళ్ల పదిహేను రోజుల్ల ఎవలు చేసిస్తరు?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆమె కోపం న్యాయమైనది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. ఇప్పటికీ బజార్లో కనిపిస్తే నేనే పలకరిస్తాను.

నష్టం రాసుకోవడానికి ఇద్దరు వచ్చారు. టీవీ, ఫ్రిజ్, బియ్యం, మంచం అన్నీ రాశారు. నేను నా జాబితా చూపిస్తే, "ఇవి మీ బట్టలు కావు గదమ్మా, మీ నష్టం కిందికి రావు" అన్నారు. వాళ్లతో వాదించలేదు. వాళ్ల కాగితంలో దానికి గడి లేదు. కానీ నాకు అన్నిటికన్నా పెద్ద నష్టం అదే. చేతిపని చేసుకునేవాళ్ల ఇళ్లలో ఇతరుల సొమ్ము ఉంటుందన్న సంగతి ఆ కాగితాలు తయారుచేసేవాళ్లకు ఎవరైనా చెప్పాలి.

మిషన్లు మూడు. కాళ్ల మిషన్ మా అమ్మ ఇచ్చింది, మోటారుది ఒకటి, పికో మిషన్ ఒకటి. కరెంటు వచ్చింది కదా అని పక్క వీధిలో ఒకామె మోటారు ప్లగ్ పెట్టి చూసిందట, అక్కడే పొగ వచ్చింది. తడిసిన మోటారును ఎట్టి పరిస్థితుల్లోనూ ఆన్ చేయకూడదు. మెకానిక్ వచ్చే దాకా నేను చేసింది ఒక్కటే. మిషన్ తలకాయలు విప్పి బోర్లించి నీళ్లు కార్చాను, కిరోసిన్ పోసి ప్రతి సందులో పాత టూత్‌బ్రష్‌తో బురద తీశాను, ఆరాక ఆయిల్ వేసి చక్రం చేత్తో తిప్పాను. కాళ్ల మిషన్ మొదటి రోజు కదల్లేదు. రెండో రోజు కిర్రుమంది. మూడో రోజు సూది దిగింది. ఆ చప్పుడు వినగానే అప్పటిదాకా ఆపుకున్నది ఆగలేదు, మిషన్ మీద తల పెట్టి ఏడ్చాను. మోటారుకు కాయిల్ మళ్లీ చుట్టించాల్సి వచ్చింది. పికో మిషన్ బాగుపడలేదు.

ఇప్పుడు గద్వాల చీర సంగతి. అది కరీమాబాద్ చెల్లెది. వరదకు ముందు ఏడాదే వాళ్లమ్మ చనిపోయింది. ఆ అమ్మ తన పెళ్లికి కట్టుకున్న చీర, పాల మీగడ రంగు నూలు ఒళ్లు, మెరూన్ పట్టు అంచు. ఆ అమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు లంగా కుట్టమని చెల్లె దాన్ని ఇచ్చింది. ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా కట్టింది నేనే. అంచు మెరూన్ దిగి ఒళ్లంతా గులాబీ రంగు మబ్బుల్లా పట్టింది. మూడుసార్లు చల్లటి నీళ్లలో నానబెట్టాను. కొంచెం తేలింది కానీ పోలేదు.

ఆమె వచ్చి చీర విప్పి చూడలేదు, ముందు వాసన చూసింది. "అమ్మ బీరువ వాసన పోయింది అక్కా" అంది. అందులో నాఫ్తలీన్ గోళీల వాసన ఉండేది, నాకూ గుర్తుంది. మరకైతే ఏదో ఒకటి చేయొచ్చు. దానికేం చేయను? ఇద్దరం చాలాసేపు అలాగే కూర్చున్నాం. తర్వాత ఆమే, "పారెయ్యకు. ఏమన్న చెయ్యి" అంది.

రంగులు అద్దే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చీరను వెలుతురుకు పట్టి చూసి, మరకను తీయాలని చూస్తే నూలు చస్తుంది, మరక రంగులోకే మొత్తం చీరను తీసుకురావాలి అన్నాడు. అంచు రంగులోనే ఒళ్లంతా ముంచి తీశాడు. జరీ బయటికి వచ్చింది. రంగు అంతటా ఒకేలా రాలేదు, మడత పడిన చోట కాస్త ముదురుగా ఉంది, దూరం నుంచి చూస్తే నేసినప్పుడే అలా నేశారేమో అనిపిస్తుంది. పదహారు కళీల లంగా కుట్టాను. కొంగులో మరక పడకుండా మిగిలిన జానెడు మీగడ రంగు ముక్కను అద్దకానికి ఇవ్వకముందే కత్తిరించి దాచి, నడుము పట్టీ లోపలి వైపు వేశాను. కట్టుకునే పిల్లకు తప్ప ఎవరికీ కనిపించదు. కార్తీకంలో ఫంక్షన్ అయింది. ఫోటో పంపారు.

పూర్తిగా పోయిన ఐదుగురికి నేను కట్టుకోవాల్సింది ముప్ఫై ఎనిమిది వేలు అయింది. ఇద్దరు సగమే తీసుకున్నారు, మిగతాది బలవంతం చేసినా పట్టుకోలేదు. చిట్టీ పాడి ఇచ్చాను. సగం పోయినవాళ్లకు గుడ్డ కొని, కుట్టుకూలి తీసుకోకుండా కుట్టాను. ఆ శ్రావణంలో నాకు రూపాయి మిగల్లేదు, కానీ వ్రతం రోజుకు పద్దెనిమిది మందికి జాకెట్లు ఇవ్వగలిగాను. చివరి లెక్క డిసెంబర్ ఆఖరి వారంలో తీరింది. కొలతల బుక్‌లో నలభై ఒకటో పేరు మీద కొట్టివేత గీత గీశాను.

తర్వాత ఊళ్లో కొన్ని పనులు జరిగాయి. 2024లో నయీంనగర్ నాలా మీద పాత వంతెన తీసేసి కొత్తది కట్టారు. ఆ ఏడు చివర్లో పూడిక తీయడానికని భద్రకాళి చెరువు ఖాళీ చేయడం మొదలుపెట్టారు. నాలా వెడల్పు చేస్తే ఒక వైపు వాళ్లకు మేలు, ఇంకో వైపు వాళ్ల ఇళ్లు పోతాయి. ఆ పోయే ఇళ్లవాళ్లు కూడా మాలాంటి వాళ్లే. ఇది ఒక్క వానతో తేలేది కాదు.

నా చేతిలో ఉన్నవి నేను మార్చుకున్నాను. ఆరడుగుల ఎత్తున గోడకు ఇనుప యాంగిల్ బిగించి అర వేయించాను. బట్ట తీసుకోగానే ఫోన్‌లో ఫోటో తీసి, ఇచ్చినవాళ్లకే పంపుతాను. గుడ్డ సంచులు తప్ప ప్లాస్టిక్ వాడను. వానాకాలంలో పదిహేను మందికి మించి తీసుకోను, ఎంత తెలిసినవాళ్లయినా పదహారో మనిషిని వచ్చే వారం రమ్మంటాను. సజ్జ మీద గిన్నెలు లేవు.

2025 అక్టోబర్ 29న మొంథా తుఫాను వాన. తుఫాను అంటే సముద్రం పక్క ఊళ్లకే అనుకునేవాళ్లం. పొద్దంతా వదలకుండా కొట్టింది. సాయంత్రం మోరీలో బుడబుడ వినిపించింది. అత్తమ్మకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు, నేనే విన్నాను. పదమూడు మంది బట్టలున్నాయి. బియ్యం కన్నా ముందు అవే ఎదురింటి మేడ ఎక్కాయి, వాటి వెనకే మిషన్ తలకాయలు, కొలతల బుక్, తర్వాత మేము. ఆ రాత్రి నీళ్లు ముప్ఫై ఒక్క అంగుళాల దాకా వచ్చాయి. గోడ మీద పాత గీతకు కింద ఇప్పుడు ఇంకో గీత ఉంది.

రాత్రి తొమ్మిదింటికి కరీమాబాద్ చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, నీళ్లొచ్చినయట గదా, పైకెక్కిన్రా?" అంది.

"ఎక్కినం. నీ జాకెట్ గూడ ఎక్కింది" అన్నాను. "కుడి చెయ్యి ఒక్కటే ఎక్కియ్యాలె."

మేడ మీద కరెంటు లేదు. మా బాబు ఫోన్ లైటు పట్టుకుంటే, ఆ చెయ్యి చేతికుట్టుతోనే ఎక్కించాను.